పిడికిలి పరీక్ష

ఆ కుడిచేత్తో అతను ఆరేళ్లలో రెండు దవడలు పగలగొట్టాడు, ఒక ముక్కు పక్కకి వంచాడు. కొట్టు మెట్ల మీంచి ఎంతమందిని కిందికి తోశాడో లెక్క పెట్టుకోలేదు. చాక్లెట్ పరీక్ష చేసేది కూడా ఆ చేత్తోనే. అందుకే కంపెనీలో అందరూ అతన్ని పిడికిలి అనేవాళ్లు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. ఇంట్లో పెళ్లాం కూడా ఒళ్లు మండినప్పుడు "ఏమయ్యా పిడికిలీ" అనే పిలిచేది.

పరీక్ష సంగతి ముందు చెప్పుకోవాలి. పిట్ట చాక్లెట్ అని ఒకటుంది. ఎర్ర కాగితం, దాని మీద రెక్కలు విప్పిన తెల్ల పిట్ట. అది పుట్టింది సముద్రం అవతల. అక్కడివాళ్లు తాతల నాటి నుంచి చేస్తున్నారు. ఈ దేశంలో ఆ పేరూ ఆ పిట్ట బొమ్మా వాడుకునే లైసెన్సు మాత్రం పిడికిలి పనిచేసే కంపెనీది. ఆ లైసెన్సు కాగితాల్లో పేరు గురించి నలభై పేజీలున్నాయి, రుచి గురించి ఒక్క ముక్క లేదు. ఇంకేముంది, కంచే చేను మేసింది. మొదట్లో అవతలివాళ్ల లాగే కోకో వెన్నతో చేసేవాళ్లు. తర్వాత కొత్త యాజమాన్యం వచ్చి, వెన్న దండగ అని తీసేసి, పామాయిలూ, ఎండకు నిలబడ్డానికి మైనంలాంటిది ఇంకేదో పోయించింది. మొదటి డ్రమ్ము మూత తీసి తొట్టిలోకి వంచినవాడు పిడికిలే. అప్పుడతను కరిగించే గదిలో ఉండేవాడు. ఆ వేళ వేలితో నాకి చూసి, పక్కకెళ్లి ఉమ్మేశాడు. ఉమ్మేసి, వచ్చి రెండో డ్రమ్ము వంచాడు. జీతగాడు ఇంకేం చేస్తాడు అంటారేమో. అది నిజమే, కానీ ఉమ్మిన సంగతి కూడా నిజమే.

నాలుక ఉన్నవాడెవడూ ఊరుకోడు కదా. సముద్రం అవతలి పిట్ట పెట్టెల్లో దిగడం మొదలైంది. చిన్న చిన్న కొట్లలో దొరికేది. జనం రెండు వీధులు దాటి వెళ్లి మరీ కొనుక్కునేవాళ్లు. కంపెనీ కోర్టుకెళ్లింది. ఈ దేశంలో పిట్ట మాదే, ఇంకెవరి పిట్ట వాలినా దొంగ పిట్టే అంది. కోర్టు కూడా చట్టప్రకారం అవునంది. కన్నతల్లి బిడ్డను చూసుకోడానికొస్తే పెంచినవాడు దొంగతనం కేసు పెట్టినట్టుంది వ్యవహారం.

మరి రెండింటికీ కాగితం ఒకటే అయినప్పుడు ఏది ఎవరిదో తేల్చడమెలా? అక్కడే పిడికిలికి పని దొరికింది. ఒక ముక్క విరిచి అరచేతిలో పెట్టుకుని, పిడికిలి బిగించి, వంద లెక్కపెడతాడు. అవతలి పిట్ట అయితే అరవైకే మెత్తబడి, ఎనభైకి వేళ్ల సందుల్లోంచి కారుతుంది. కంపెనీ పిట్ట అయితే వందకి కూడా అంచులు అరగకుండా కొవ్వొత్తి ముక్కలాగా బయటికొస్తుంది. కరిగితే దొంగ సరుకు, కరగకపోతే అసలు సరుకు. ఈ మాట కోర్టులో చదివిన లాయరు నవ్వకుండా చదివాడంటే వాడి చదువుకు దండం పెట్టాలి.

కాబట్టి కొట్ల మీద కంపెనీ చేసే ప్రతి దాడికీ కోర్టు కమిషనరు ఒకాయన రిజిస్టరు పట్టుకుని వెంట వస్తాడు. ముందు పరీక్ష, తర్వాతే సరుకు మీద చెయ్యి. రూలు అది. కానీ ఆరేళ్లలో ఒక్కసారి కూడా ముక్క కరగకుండా బయటికి రాలేదు. కంపెనీవాళ్లు వాసన పట్టకుండా ఏ కొట్టు మీదికీ వెళ్లరు మరి. కరగడం ఖాయమని తెలిశాక ఆగడం ఎందుకు? దాంతో వరస తలకిందులైంది. వ్యాను ఆగగానే గునపం అనేవాడు ఇనుప కడ్డీ పట్టుకుని దిగి అద్దాలు పగలగొట్టేవాడు. అడ్డమొచ్చిన కొట్టువాణ్ణి పిడికిలి చెయ్యి మెలిపెట్టి గోడకు అదిమేవాడు. అంతా అయ్యాక, నేల మీద పడిన సరుకులోంచి ఒక ముక్క ఏరి, తీరిగ్గా పరీక్ష చేసి, కమిషనరు చేత రాయించేవాళ్లు. మొదటిసారి అలా జరిగినప్పుడు పిడికిలి గునపాన్ని కసిరాడు. రెండోసారి కసరలేదు.

ఆ వారం దాడుల జాబితాలో అక్క కొట్టు వచ్చింది.

అతన్ని పెంచింది అక్కే. తల్లి పోయేటప్పటికి అతనికి ఐదేళ్లు, ఆమెకి పదిహేను. వీధిలో ఎవడో అతని పెదవి చిట్లగొట్టి పంపితే, ఆమె నెత్తురు కడిగి, గుడ్డ కట్టి, అతన్ని కూర్చోబెట్టి, తను వెళ్లి ఆ కొట్టినవాణ్ణీ, అడ్డమొచ్చిన వాడి అన్ననీ కలిపి కొట్టొచ్చింది. "ఇంకోసారి దెబ్బలు తిని ఇంటికి రాకు. కొట్టి రా, తర్వాత సంగతి నేను చూసుకుంటా" అని చెప్పింది. అతను ఆ పాఠం బాగానే నేర్చుకున్నాడు.

మంగళవారం మధ్యాహ్నం అతను కొట్టుకి వెళ్లాడు. కొట్టంటే ఎంత, పది అడుగుల వెడల్పు. మూడు గోడలకీ అరలు, మధ్యలో గాజు బల్ల, బల్ల మీద ఒక పళ్లెం. పళ్లెంలో ఒక పక్క అవతలి పిట్ట ముక్కలు, ఇంకో పక్క కంపెనీ పిట్ట ముక్కలు. ఎవరొచ్చినా అక్క రెండూ తినిపించి, ఏది కావాలి అని అడిగేది. కంపెనీ ముక్కలు వారానికోసారి మార్చేది. బావ మాత్రం "మార్చకపోయినా ఫరవాలేదే, వాటికి పురుగు కూడా పట్టదు" అనేవాడు. బావ ఆ వీధికి తలలో నాలుక. చీమకు కూడా దారిచ్చి నడిచే మనిషి, ఎదుటివాణ్ణి నవ్వించకుండా ఒక్క పొట్లం కట్టడు.

"అక్కా, గురువారం వస్తున్నాం" అన్నాడు పిడికిలి.

"రండి. ఎంతమందొస్తారో చెప్పు, టీ పెట్టి ఉంచుతా."

"ఎగతాళి కాదక్కా. సరుకు తీసెయ్. ఓ పది రోజులు మా పిట్ట పెట్టుకో. తర్వాత నీ ఇష్టం."

"మీ పిట్ట ఎవడు తింటాడురా? నువ్వు తింటున్నావా? నీ పిల్లలు ప్రతి ఆదివారం వచ్చి జేబుల్లో కుక్కుకుని పోయేది ఏ పిట్ట?"

అతను పళ్లెంవైపు చూశాడు.

"నేనెవరి నోట్లోనూ కుక్కట్లేదు" అంది అక్క. "పళ్లెంలో రెండూ ఉన్నాయి. తిని చూసి, వాళ్లకేది కావాలో వాళ్లే చెప్తున్నారు. అది కూడా తప్పయితే మీ కంపెనీ వాళ్లని వచ్చి జనం నాలుకలు కోసుకుపొమ్మను."

"కోర్టు ఆర్డరుంది."

"కోర్టుకి నోరుందా, రుచి చూసిందా?"

అతనికి చిర్రెత్తింది. అడిగినదానికి జవాబు లేనప్పుడు అతని చెయ్యి మాట్లాడేది. ఒక్క ఊపున పళ్లెం విసిరికొట్టాడు. అది గోడకి తగిలి పగిలి, ఒక పెంకు బావ చెవి పక్కనుంచి పోయింది. అక్క వెనకా ముందూ చూడలేదు. తక్కెడలోని పావుకిలో రాయి తీసి విసిరింది. అది అతని కనుబొమ మీద తగిలింది. నెత్తురు కంట్లోకి కారింది. అతను బల్ల మీదినుంచి చెయ్యి చాచి ఆమె జాకెట్టు భుజం దగ్గర పట్టుకున్నాడు, ఆమె అతని జుట్టు పట్టుకుంది. ఇద్దరూ అలాగే రొప్పుతూ ఒకరి మొహంలోకి ఒకరు చూసుకున్నారు. ముందు వదిలింది అక్కే. లోపలికెళ్లి తడిగుడ్డ తెచ్చి కనుబొమ మీద వేసి, కావాలనే నొప్పెట్టేలా అదిమింది.

"తీయను" అంది అదుముతూనే. "నువ్వొస్తావు కదా, నువ్వే తీయించు."

అతను వెనక మెట్ల మీద కూర్చుని ఉంటే బావ వచ్చి పక్కన కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ జోకు వెయ్యలేదు.

"మార్చేస్తాలే" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "గురువారం పొద్దున మీ అక్క కిందికి దిగకముందే. ఉన్న సరుకంతా పక్క సెలూన్ అటక మీదికెక్కిస్తా. అరల నిండా మీ కంపెనీ పిట్టలే పెడతా. మీ అక్కకి తెలిశాక నన్ను చంపుతుంది, అది వేరే సంగతి. కానీ బామ్మర్దీ, ఒక్క మాట."

"చెప్పు బావా."

"ముందు పరీక్షే కదా? పరీక్ష కాకుండా ఎవడూ చెయ్యెత్తడు కదా? అద్దాలకి నేను భయపడను. మీ అక్క ఊరుకోదు. అదీ నా భయం."

"రూలు అదే బావా. ముందు నేను దిగుతా. నా చేతిలో ముక్క కరగలేదనుకో, కమిషనరు రాసుకుని తిరిగి పోవాల్సిందే."

"నువ్వు ముందుంటే చాలు" అన్నాడు బావ. అతని మాట నమ్మాడు. నమ్మకుండా ఉండటం ఆయనకి చేతకాదు, అదీ ఆయన ఖర్మ.

గురువారం పదకొండు గంటలకి వ్యాను వీధి మలుపు తిరిగింది. ముందు సీట్లో కంపెనీ మేనేజరు, పక్కన రిజిస్టరుతో కమిషనరు. వెనక పిడికిలి, గునపం, ఇంకో ఇద్దరు. గునపానికి ఈ కొట్టు ఎవరిదో తెలియదు. చెప్పాల్సిన అవసరం లేదనుకున్నాడు పిడికిలి. చెబితే మేనేజరు చెవిన పడుతుంది, అప్పుడు పరీక్ష ఇంకొకడి చేతికి పోతుంది.

వ్యాను రెండు కొట్ల అవతలే ఆగింది. తలుపు తెరుచుకోగానే అతనికి అక్క గొంతు వినపడింది. కొట్టు ముందు నిలబడి గిరాకీలతో, బావతో ఒకేసారి పోట్లాడుతోంది. "ఎవరు మార్చారివి? పంతులమ్మగారూ, ఉండండి, డబ్బులు వెనక్కిస్తా. ఈ మనిషికి మతి పోయింది. నా కొట్లో నాకు తెలియకుండా ఈ కొవ్వొత్తులు పెడతాడా?"

ఆ మొహానికి ఎదురుగా ముందు తానే నడిచి వెళ్లాలి. అతను వంగి బూటు తాడు విప్పి మళ్లీ కట్టుకోవడం మొదలుపెట్టాడు. తాడు బాగానే ఉంది. ఒక్క నిమిషం, ఆమె లోపలికి పోతుందేమో, ఒక్క నిమిషం చూద్దాం అనుకున్నాడు. పిరికితనం ఎప్పుడూ ఒక్క నిమిషమే అడుగుతుంది. ఆ నిమిషంలో గునపం అతన్ని దాటుకుని దిగిపోయాడు.

అద్దం పగిలిన చప్పుడుకి అతను తలెత్తాడు.

అతను పరుగెత్తేసరికి గాజు బల్ల ముక్కలైంది. గునపం ఎడంవైపు అరలు కడ్డీతో గోడనుంచి పెకలిస్తున్నాడు. ఎర్ర కాగితాలు కుప్పలుగా రాలుతున్నాయి. బావ రెండు చేతులూ చాచి మిగిలిన అరల ముందు నిలబడ్డాడు. "ముందు పరీక్ష అండీ, పరీక్ష చెయ్యాలి, రూలు" అంటున్నాడు, పెళ్లిపందిట్లో ఎవరినో మర్యాదగా వారిస్తున్నట్టు. ఆరేళ్లలో ఏ కొట్టువాడూ గునపానికి రూలు చెప్పలేదు. వాడికి అర్థం కూడా కాలేదు. కడ్డీ మొదటి దెబ్బ బావ మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు వీధిలోకి వినపడింది. బావ ఆ చెయ్యి దించలేదో, దించడం చేతకాలేదో, రెండో దెబ్బ చెవి పైన పడింది. ఆయన పక్కకి ఒరిగి గాజు పెంకుల మీద పడ్డాడు. పడ్డాక ఒక కాలు నాలుగైదు సార్లు కొట్టుకుని ఆగింది.

అక్క అరవలేదు. షట్టరు దించే కొక్కెం కర్ర గోడవారనుంచి తీసి, గునపం మొహం మీద అడ్డంగా కొట్టింది. వాడి నోట్లోంచి నెత్తురూ రెండు పళ్లూ పడ్డాయి. వాడు మోకాళ్ల మీద కూలితే ఇంకోటి వీపు మీద వేసింది. మూడోదానికి ఎత్తింది. అప్పుడు ఎవరో వెనకనుంచి ఆమె మణికట్టు పట్టుకుని వెనక్కి మెలితిప్పి గోడకి అదిమారు. కర్ర కింద పడింది.

ఆ పట్టుకున్న చెయ్యి తనదేనని పిడికిలికి ఆమె తల తిప్పి చూశాక గానీ తెలియలేదు. కొట్టు మనిషి ఎదురు తిరిగితే ఆ చెయ్యి ఆ పనే చేస్తుంది. ఆరేళ్లుగా చేస్తోంది. ఎవరిది అని అడిగే అలవాటు దానికెప్పుడో పోయింది. అతను వదిలేశాడు. ఆమె మణికట్టు మీద నాలుగు వేళ్ల అచ్చులు ఎర్రగా లేచాయి. ఆమె అతనివైపు ఇంకోసారి చూడకుండా వెళ్లి బావ తల ఒళ్లో పెట్టుకుంది.

మేనేజరు గుమ్మంలోకి వచ్చాడు. నేల చూశాడు, బావని చూశాడు, రాలిన సరుకు చూశాడు. కమిషనరు రిజిస్టరు తెరిచి, కలం మూత తీసి, చెమట తుడుచుకున్నాడు. "పరీక్ష కానివ్వండి" అన్నాడు. నెత్తురు చూడటం ఆయనకి సరిపడదు, అందుకే ఎప్పుడూ అంతా అయ్యాక దిగేవాడు.

పిడికిలి నేలమీదినుంచి ఒక చాక్లెట్ తీసి, కాగితం చింపి, ముక్క విరిచి, పిడికిలి బిగించాడు. ఒకటి, రెండు, మూడు. వీధిలో జనం పోగయ్యారు. నలభై దగ్గర మేనేజరు అతని చెవి దగ్గరికొచ్చాడు.

"కరుగుతోందా?"

"లేదు. ఇది మనదే. అరల నిండా మనదే."

మేనేజరు మొహం పాలిపోయింది. కానీ ఆయన చదువుకున్నవాడు, తేరుకోడానికి పది అంకెలు చాలు. "విను" అన్నాడు గుసగుసగా. "గునపం రోజుకూలీ. వాడి పేరు ఏ కాగితం మీదా లేదు. దాడి నీ సంతకంతో నడిచింది. మన సరుకు అమ్ముకునేవాడి తల పగలగొట్టావని రాస్తే లోపలికి పోయేది నువ్వు. కరిగిందంటే ఇదంతా దొంగసరుకు దగ్గర జరిగిన గొడవ. నీ పిల్లల్ని తలుచుకో."

డెబ్బై. ఎనభై. చేతిలోది చలువరాయిలాగే ఉంది. అక్క అతన్నే చూస్తోంది. పొద్దున్నుంచీ మొగుణ్ణి తిట్టింది ఈ కొవ్వొత్తులు పెట్టినందుకే కదా. ఆమెకి తెలుసు. ఈ దరిద్రపు సరుకే ఇప్పుడు మొగుడి పక్షాన సాక్ష్యం చెప్పాలి. తమ్ముడు చెయ్యి తెరిస్తే చాలు.

వంద అయింది. పిడికిలి చెయ్యి తెరవలేదు. అలాగే నోటి దగ్గరికి తీసుకెళ్లి, ముక్క నోట్లో వేసుకుని నమిలాడు.

"కరిగిందండీ" అన్నాడు.

అంత నీచపు పని అతను ఆరేళ్లలో ఎప్పుడూ చెయ్యలేదు. దవడలు విరగ్గొట్టడం దీనిముందు ఎంత. మైనం అంగిట్లో అతుక్కుపోయింది. మింగలేక కక్కలేక నిలబడ్డాడు.

"తిన్నావేంటయ్యా?" అన్నాడు కమిషనరు.

"కారిపోతుంటే, చెయ్యంతా అవుతుందని."

కమిషనరు అతని అరచేతివైపు చూశాడు. పొడిగా ఉంది. చూసి కూడా తల దించుకుని రాయడం మొదలుపెట్టాడు. పదవీ విరమణకి ఏడాది ఉన్నవాడు అంతకన్నా ఏం చూస్తాడు.

"ఆగండి" అందొక ఆడగొంతు. స్కూలు పంతులమ్మ. ఇందాకటి గిరాకీ. గొడుగు చంకలో పెట్టుకుని గాజు పెంకుల మీద చెప్పులతో నడిచి లోపలికొచ్చింది. కిందినుంచి ఒక చాక్లెట్ తీసి విరిచింది. "ఇది ఇందాక తిని ఉమ్మేశాను నేను. ఇది కరిగితే నా ఉద్యోగం వదిలేస్తా. లెక్కపెట్టండి" అని పిడికిలి బిగించి కమిషనరు ముక్కు ముందు పెట్టింది.

సెలూన్ ఆయన ఒకటి తీసుకున్నాడు. మందుల షాపు ఆయన తీసుకున్నాడు. తర్వాత వరస పెట్టి వీధంతా వంగి ఏరుకుంది. పొద్దున కరెంటు లేకపోయినా, కుళాయి రాకపోయినా నోరెత్తని జనం, ఒకరికొకరు దారివ్వని జనం, గుప్పిళ్లు బిగించుకుని నిలబడి గట్టిగా లెక్కపెట్టారు. ఒకావిడ యాభై దగ్గర తప్పి మళ్లీ మొదలుపెట్టింది. ఒకాయన అలవాటు కొద్దీ నోట్లో వేసుకుని, థూ అని ఉమ్మి, ఇంకోటి తీసుకున్నాడు. కమిషనరు చేతిలో కూడా పంతులమ్మ ఒక ముక్క పెట్టి వేళ్లు తనే మూసింది. వంద అన్నారు. చేతులన్నీ తెరుచుకున్నాయి. ముక్కలు వేటికవి అంచులతో సహా ఉన్నాయి.

కమిషనరు తన అరచేతిలోకి చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత రాసిన వాక్యం అడ్డంగా కొట్టేసి, కింద కొత్తది రాసి, చదివి వినిపించాడు. "సరుకు లైసెన్సు కంపెనీదే. పరీక్షకు ముందే ధ్వంసం. ఒకరికి తీవ్ర గాయం."

మేనేజరు అప్పటికే వ్యాన్లో ఉన్నాడు. గునపాన్ని ఆ ఇద్దరూ ఈడ్చి లోపల పడేశారు. బండి కదిలింది. పిడికిలి కోసం ఎవరూ తలుపు పట్టుకోలేదు.

అప్పుడు జనం అతని మీద పడ్డారు. మొదటి దెబ్బ పంతులమ్మ గొడుగుది. తర్వాత ఎవరివో తెలియదు. చెప్పులు, మోచేతులు, సెలూన్ స్టూలు. మంగళవారం నాటి కనుబొమ మళ్లీ చిట్లింది. కిందపడితే డొక్కలో తన్నారు. పక్కటెముక ఒకటి లోపల కదిలినట్టు తెలిసింది. అతను చెయ్యెత్తలేదు. ఎత్తకపోవడం మంచితనమేమీ కాదు, ఆ చెయ్యంటే అతనికి భయం పట్టుకుంది.

"వదలండి వాణ్ణి" అంది అక్క. అరవలేదు, మామూలుగానే అంది. అయినా అందరూ ఆగారు. "ఆయన బరువు మనిషి. కాళ్ల దగ్గర పట్టుకోడానికి బలమైనవాడు కావాలి."

అతను లేచాడు. ఒక పక్కకి వంగిపోయి, కంట్లోకి నెత్తురు కారుతుండగా వచ్చి బావ కాళ్లు ఎత్తాడు. అక్క తలవైపు, సెలూన్ ఆయన నడుం దగ్గర. మందుల షాపు ఆయన ఆటో ఆపాడు. దారంతా అక్క బావ చెవి మీద తువ్వాలు అదిమి పట్టుకునే ఉంది. ఆ తువ్వాలు తడిసి, బొట్లు అతని మోకాలి మీద పడ్డాయి. బావ ఒకసారి కళ్లు తెరిచి అతన్ని చూసి ఏదో అనబోయాడు. మాట రాలేదు. ఎప్పుడూ నోరు మూతపడని మనిషి.

"అక్కా" అన్నాడతను.

ఆమె తువ్వాలు మడత మార్చి మళ్లీ అదిమింది.

ఆసుపత్రిలో బావని చక్రాల మంచం మీద లోపలికి తోసుకుపోయారు. తలుపులు మూసుకున్నాయి. కిటికీ దగ్గర గుమస్తా తల ఎత్తకుండా వివరాలు అడుగుతున్నాడు. మనిషి పేరు, వయసు, దెబ్బ ఎక్కడ, ఎప్పుడు. అక్క ఒక్కొక్కటీ చెప్పింది.

"పోలీసు కేసవుతుందమ్మా. కొట్టిందెవరో తెలుసా?"

పిడికిలి వెనకే నిలబడి ఉన్నాడు. గునపం పేరు నోటిదాకా వచ్చింది. కడ్డీ వాడిది, చెయ్యి వాడిది, చూసినవాళ్లు యాభైమంది. అతను ఒక అడుగు ముందుకేశాడు.

అక్క వెనక్కి తిరగకుండానే, అచ్చులు పడిన ఆ చెయ్యెత్తి, వేలు అతనివైపు చూపించింది.

"ఇతను."

గుమస్తా మొదటిసారి తలెత్తి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. పిడికిలి కాదనలేదు. "రాసుకోండి" అన్నాడు.

"మీకేమవుతాడు?"

లోపలినుంచి ఎవరో పరుగెత్తుతున్న చప్పుడు, ఇనప సామాను కదిలిన చప్పుడు వినిపించాయి.

"తమ్ముడు" అంది. "నేనే పెంచాను."

గుమస్తా మొదటి మాట రాసుకున్నాడు. రెండోదానికి కాగితంలో గడి లేదు.